రాచపుండునకు కిరణబీజములు

రాచపుండు పుట్టినచోట నిలువక వేఱొక యవయవమునకు పాకినదని వైద్యుడు చెప్పినంతనే మన గృహములందు పుట్టు మొదటి ప్రశ్న ఎన్ని యెకరములు అమ్మవలెనని. రెండవ ప్రశ్న క్రొత్త చికిత్స యేదైన కలదా యని. ఈ రెండు ప్రశ్నలును ఒకదానివెంట నొకటి వచ్చుచుండుటచేతనే క్రొత్త చికిత్సలను గుఱించి పత్రికలు వ్రాయునప్పుడు కొంత జాగరూకత వహింపవలసియున్నది. నేడు మేము ముచ్చటింపనెంచినది అట్టి యొక చికిత్సను గుఱించియే. మూత్రపిండముల పైభాగమున నుండు అడ్రినల్ గ్రంథులకు పాకిన పుండులోనికి, సి.టి. స్కాన్ చూపు చిత్రమును ఆధారముగా గొని, సన్నని సూదిద్వారా రేడియోధార్మికములైన చిన్నగింజలను నాటి యచ్చటనే విడిచిపెట్టుట దీని పద్ధతి. ఇది చీనాదేశమున విశేషముగ ఆచరణయందున్నది. దీనియందు గుణము కలదు. ఐనను దీనిని ఏ చోట, ఏ నియమములకు లోబడి, ఏ మాట చెప్పి చేయవలెనను విషయము చికిత్సకంటెను ముఖ్యమైనదని మా యభిప్రాయము.

అడ్రినల్ గ్రంథులు రెండు. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాములకు మించని తూకము కలది. ఐనను రక్తపుపోటును, ఒడలి యుప్పునీటి సమతూకమును, ఆపత్సమయమున దేహము చూపు తెగువను నడపు హార్మోనులు ఇచ్చటనే పుట్టుచున్నవి. ఈ గ్రంథులకు రక్తప్రసారము మెండు. అందువలననే కాబోలు, ఊపిరితిత్తులందు పుట్టిన పుండు రక్తముతో కణములను పంపునప్పుడు అవి దిగు చోట్లలో ఇది యొకటిగా నున్నది. మూత్రపిండము, స్తనము, పెద్దప్రేవు, కాలేయము మొదలగువాని పుండ్లును, నల్లమచ్చ రాచపుండును ఇచ్చటికి పాకుట కలదు. చాలమందికి దీనివలన బాధయే తెలియదు. మూలవ్యాధికై తీసిన చిత్రములో నిది బయటపడును. గ్రంథియున్న చోటు వైద్యునకు అనుకూలమైనది కాదు. కుడిప్రక్కది కాలేయమునకును పెద్దసిరకును నడుమ దాగియుండును. ఎడమప్రక్కదానికి క్లోమము, ప్లీహము, జీర్ణాశయము, బృహద్ధమని ఇరుగుపొరుగులు. పైన ఊపిరితిత్తుల యడుగుపొర. శ్వాసతోబాటు గ్రంథియు పైకిని క్రిందికిని కదలుచుండును.

వ్రణమునందే కిరణపదార్థము నుంచుట నిన్నమొన్నటి యూహ కాదు. క్యూరీ దంపతులు 1898లో రేడియమును కనుగొనిరి. మూడేండ్లు గడవకమున్నే, 1901లో, పియరీ క్యూరీ కొంత రేడియమును పారిసు నగరమున సెయింట్ లూయీ వైద్యశాలలోని డాన్లోస్ అను వైద్యున కొసగి దానిని వ్రణములపై ప్రయోగింపుమని సూచించెను. టెలిఫోనును కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రహాంబెల్ 1903లో నొక వైద్యునకు జాబు వ్రాయుచు, రేడియపు తునకను సన్నని గాజుగొట్టములో మూసి వ్రణగర్భమునందే యేల యుంచరాదని యడిగెను. వైద్యవిద్య యెఱుగనివాని ప్రశ్న ఒక్కొక్కప్పుడు వైద్యులకంటె ముందు నడచుట కలదు. పిదప రేడియమును, రేడాన్ వాయువును నింపిన గొట్టములు వచ్చినవి. వాని కిరణములు బలిష్ఠములై దూరము ప్రసరించుటచే రోగికేగాక పరిచర్య చేయువారికిని హానికరములైనవి. అటుపిమ్మట అయొడిన్-125 వచ్చినది. 1970 ప్రాంతములనుండి అమెరికాలో ప్రోస్టేట్ గ్రంథి వ్రణమునకు దీనిని కడుపు కోసి నాటుచుండిరి. 1983లో డెన్మార్కుదేశపు వైద్యుడు హోల్మ్ శబ్దతరంగముల చిత్రమును చూచుచు కోతలేకయే నాటు మార్గమును చూపెను. ఆనాటినుండి నాటువాని చేతికి చూపు తోడైనది. మనదేశమునను భాభా అణుపరిశోధనాకేంద్రమువారు అయొడిన్-125 గింజలను స్వయముగా తయారుచేసి కంటిలోని వ్రణముల చికిత్సకు అందించియున్నారు. కావున గింజ మనకు పరదేశి కాదు. దానిని అడ్రినల్ గ్రంథియందు నాటుటయే క్రొత్త.

గింజ యన నేమి? టైటేనియపు గొట్టము. పొడవు నాలుగున్నర మిల్లీమీటర్లు, మందము మిల్లీమీటరునకు లోపు. వరిగింజకంటెను చిన్నది. అందులో అయొడిన్-125 మూయబడి యుండును. దీని శక్తి సుమారు 59 దినములకొకమాఱు సగము తఱుగుచు వచ్చును. కిరణములు మృదువైనవి. దేహమాంసమున రెండు సెంటీమీటర్లు సాగునప్పటికి వాని బలము సగమునకు పడిపోవును. ముందుగా వ్రణముయొక్క కొలతలను చిత్రమునుండి గ్రహించి, భౌతికశాస్త్రజ్ఞుడు ఎన్ని గింజలు, ఎంత యెడముతో, ఏ వరుసను నాటవలెనో గణింపవలెను. రోగిని స్కాన్ బల్లపై పరుండబెట్టి, వీపువైపునుండి సూదులను పోనిచ్చి, మఱల చిత్రము తీసి సూదిమొన యెచ్చటనున్నదో చూచి, సూదిని వెనుకకు లాగుచు గింజలను ఒక్కొక్కటిగా జాఱవిడుతురు. పని ముగిసినపిమ్మట తిరిగి చిత్రము తీసి, లెక్కవేసిన మోతాదు వ్రణమునకు నిజముగా చేరుచున్నదా లేదాయని సరిచూచుకొనవలెను. గింజలు నాటుట చేతిపని. ఈ కడపటి లెక్క మనస్సాక్షి పని. దీనిని విడిచిపెట్టువాడు చికిత్స చేయుచున్నాడనుటకు వీలులేదు.

ఈ పద్ధతిలోని మేలును ముందు చెప్పుట న్యాయము. వెలుపలినుండి కిరణములను గుఱిపెట్టు యంత్రము, శ్వాసతో కదలుచున్న గ్రంథిని వెన్నాడవలసియుండును. లోపల నాటిన గింజ గ్రంథితోబాటే కదలును. సూక్ష్మతరంగములతోగాని విద్యుత్తుతోగాని వ్రణమును కాల్చు పద్ధతులు కలవు. కాని యీ గ్రంథి కాలునప్పుడు అడ్రినలిన్ జాతి పదార్థములు ఒక్కుమ్మడి రక్తమునబడి పోటు ప్రమాదకరముగ పెరుగవచ్చును. గింజ వేడిచేయదు. మాసములతరబడి మెల్లగ పనిచేయును. లాపరోస్కోపు శస్త్రచికిత్స 1992నుండి గ్రంథిని చిన్నకోతలతో తీసివేయుటకు వీలుకల్పించినది గాని, ముదుసలులును, ఊపిరితిత్తుల బలము చాలనివారును మత్తుమందునకు తాళలేరు. అట్టివారికి సూదిమార్గము తేలిక. కోట్ల రూపాయల విలువగల యంత్రము లేకున్నను దీనిని చేయవచ్చును. ఈ కడపటి సుగుణమే మాకు భయహేతువు గూడ. స్కాన్ యంత్రము నేడు చిన్నపట్టణములందును కలదు. కావున చేయదగినవాడును, చేయదగనివాడును దీనికి పూనుకొనవచ్చును.

ఇక ఫలితముల మాట. గింజలు నాటినపిమ్మట వ్రణములు తఱుగుటయు, నొప్పి తగ్గుటయు చీనా వైద్యులు ప్రకటించిన వ్యాసములందు కనబడుచున్నది. దానిని మేము శంకింపము. కాని యవి మిక్కిలి కొద్దిమంది రోగుల చరిత్రలను వెనుదిరిగి చూచి వ్రాసినవి. చీట్లు వేసినట్లు రోగులను రెండు తెగలుగ విభజించి, ఒక తెగకు గింజలు నాటి, మఱియొక తెగకు నాటక, ఎవ్వరెంతకాలము జీవించిరో పోల్చిన పెద్దపరీక్ష అడ్రినల్ గ్రంథి విషయమున లేదు. వ్రణము చిన్నదగుట వేఱు, ఆయువు పెరుగుట వేఱు. గ్రంథిలోని కణితి కరగినను, మూలవ్యాధి మెదడునందో యెముకలందో తలయెత్తినచో రోగికి మిగిలిన దేమి?

ఒకటి రెండు చోట్లకు మాత్రమే పాకిన వ్యాధి, దేహమంతట పాకిన వ్యాధి వంటిది కాదనియు, దానిని స్థానికచికిత్సతో ఎదుర్కొనవచ్చుననియు హెల్మన్, వైక్సెల్‌బామ్ అను అమెరికా పండితులు 1995లో సిద్ధాంతము చేసిరి. ఈ గింజల చికిత్సకును అదియే మూలాధారము. ఆ సిద్ధాంతమును సరియైన రీతిని పరీక్షించినవారు వెలుపలి కిరణములతో పరీక్షించిరే గాని గింజలతో కాదు. 2019లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరీక్షలో, వివిధావయవములకు పాకిన వ్యాధిగల 99 మంది పాల్గొనిరి. మామూలు చికిత్స పొందినవారి మధ్యమ జీవితకాలము 28 మాసములు. పాకిన చోట్లకును గుఱిచూచి కిరణములు ప్రయోగింపబడినవారికి 41 మాసములు. ఇది యాశ గొలుపునదే. కాని చికిత్స పొందిన 66 మందిలో ముగ్గురు ఆ చికిత్సవలననే మరణించిరను వాక్యము నుగూడ అందులోనే చదువవలెను. ఊపిరితిత్తుల వ్యాధిపై అమెరికాలో 49 మందితో జరిగి అదే సంవత్సరమున ముగింపు ఫలితములు వెలువడిన మఱియొక పరీక్షయు అనుకూలముగనే తేలెను. అటుపిమ్మట 2022లో స్తనవ్యాధిపైనను, 2024లో ఊపిరితిత్తుల వ్యాధిపైనను ప్రకటింపబడిన పెద్దపరీక్షలలో, నూతనౌషధములకు స్థానికచికిత్సను చేర్చుటవలన ప్రయోజనము కనబడలేదు. అనగా మూలసిద్ధాంతమే యింకను వివాదమున నున్నది. గోడలేచుచుండగనే వాసములమీద వాదము పెట్టినట్లు, దాని యాధారముతో నిలిచిన గింజల చికిత్సను తిరుగులేనిదని ప్రకటించువారిని నమ్మరాదు.

చీనావారి చికిత్స గనుక తేలిక యనువారు కొందఱు కలరు. వీరే ఆ వ్యాసము న్యూయార్కునుండి వచ్చిన కన్నుల కద్దుకొందురు. ఈ తక్కెడ మాకు పనికిరాదు. అచ్చటివారు లెక్కకు మిక్కిలిగ చేసి చేతినేర్పు సంపాదించిరి. సూదులకు దారిచూపు మూసలను త్రిపరిమాణ ముద్రణయంత్రముతో రోగి దేహమునకు సరిపడునట్లు పోతపోయు విద్యనుగూడ వృద్ధిచేసిరి. నేర్పును వారివద్ద నేర్చుకొనవలెను. నిరూపణమును మాత్రము ఎవ్వరివద్దనైనను అడుగవలెను.

రోగికిని వాని కుటుంబమునకును చెప్పవలసినవి కొన్ని కలవు. రాచపుండు గలవాని అడ్రినల్ గ్రంథిలో కనబడు ప్రతి గడ్డయు రాచపుండు కాదు. హానిలేని గడ్డలు ఇచ్చట సర్వసామాన్యము. తగిన చిత్రములచేతను, సందేహమున్నచో ముక్కతీసి పరీక్షించుటచేతను నిశ్చయించుకొనక గింజలు నాటుట, దొంగయో బంధువో చూడక కఱ్ఱయెత్తుటయే. ఫియోక్రోమోసైటోమా యను నొకజాతి గడ్డ కలదు. దానిని సూదితో తాకినమాత్రముననే రక్తపుపోటు పట్టరానిది కాగలదు. రక్తమూత్రముల పరీక్షచే అది కాదని తేల్చుకొనినగాని సూది పట్టరాదు. రెండు గ్రంథులును చెడినచో రోగి జీవితాంతము హార్మోనుమాత్రలు పుచ్చుకొనవలెను. మాత్ర మానినచో ప్రాణాపాయము. సూది దారితప్పిన రక్తస్రావము కలుగవచ్చును. ఊపిరితిత్తి పొర చిల్లుపడి గాలి చేరవచ్చును. గింజ రక్తనాళమునబడి వేఱుచోటికి కొట్టుకొనిపోవుటయు కలదు. వీనియందు చాలభాగము చికిత్సకు లొంగునవే. కాని సంతకము పెట్టుటకు ముందు వినవలసిన మాటలు, సంతకము పెట్టినపిమ్మట వినునవి కారాదు. ఆంగ్లమున అచ్చైన కాగితముపై, తెలుగు మాత్రమే చదువనేర్చిన రైతుచేత వ్రాలు చేయించుట అనుమతి గైకొనుట కాదు.

అన్నిటికంటెను మనవారి దృష్టికి రాని విషయమొకటి కలదు. అది మరణమునకు సంబంధించినది గనుక ఎవ్వరును నోరెత్తరు. గింజ బయటికి తీయబడదు. అందలి శక్తి క్రమముగ నశించుటకు కాలము పట్టును. అంతర్జాతీయ కిరణరక్షణ సంఘమువారు 2005లో ప్రోస్టేట్ చికిత్సను గుఱించి ప్రకటించిన సూచనలలో, అయొడిన్-125 గింజలు నాటినపిమ్మట పండ్రెండు మాసములు గడచినచో దహనసంస్కారమునకు ఆక్షేపణ లేదనియు, ఆ లోపల మరణించినచో ప్రత్యేకమైన జాగ్రత్తలు తీసికొనవలెననియు చెప్పిరి. లెక్క సుగమమే. 59 దినములకు సగము చొప్పున సంవత్సరము గడచునప్పటికి మొదటి శక్తిలో సుమారు డెబ్బదవ వంతు మాత్రమే మిగులును. ప్రోస్టేట్ రోగులు సామాన్యముగ పెక్కేండ్లు జీవింతురు గనుక అచ్చట ఈ నియమము అరుదుగా అక్కఱకు వచ్చును. అడ్రినల్ గ్రంథికి వ్యాధి పాకినవారి సంగతి యట్టిది కాదు. చికిత్స చేసిన సంవత్సరములోపలనే మరణించువారు వీరిలో చాలమంది యుందురు. పాశ్చాత్యులకు మినహాయింపుగ నున్నది మనకు నిత్యవ్యవహారమగును.

మన పద్ధతి యెట్టిది? దేహమును బహిరంగమున చితిపై నుంచి దహింతుము. బంధుమిత్రులు చుట్టును నిలుతురు. పిమ్మట కర్త తన చేతులతో భస్మమును కదపి అస్థులను ఏరి, కుండలో నుంచి, గోదావరియందో కృష్ణయందో కలుపును. గింజ గొట్టము చితాగ్నికి చెడినచో అయొడిన్ పొగతో గాలిలో కలియవచ్చును. చెడనిచో గింజ అట్లే భస్మములో నిలిచి, ఏరువాని వ్రేళ్లకు తగులవచ్చును. ఇది ఊరినంతటిని కాల్చు విపత్తు అని మేము బెదరింపబోము. గింజలో నున్నది స్వల్పము. నదిలో పడినది మఱింత స్వల్పమగును. ఐనను తండ్రి యస్థులను ఏరు కుమారునకు ఆ బూడిదలో నేమున్నదో తెలియకుండుట యే న్యాయమున చెల్లును? కుటుంబములో గర్భిణియుండవచ్చును, పసిబిడ్డలుండవచ్చును. రోగి బ్రదికియుండగనే మొదటి కొన్నిమాసములు వారిని ఒడిలో కూర్చుండబెట్టుకొనరాదని చెప్పుట విదేశములందు మామూలు. చనిపోయినప్పుడు చెప్పువా రెవ్వరు?

ఉపాయములు లేకపోలేదు. ఖననము చేయు కులములును, మతములును మనయందు కలవు. వారికి చిక్కు తక్కువ. దహనమే చేయువారికి, వైద్యశాలనుండి కిరణరక్షణాధికారి వచ్చి పరికరముతో చూచి సలహా చెప్పవచ్చును. అస్థులను మూసిన పాత్రలో కొంతకాలముంచి పిమ్మట కాశికి కొనిపోవు ఆచారము మనకు క్రొత్తది కాదు. ఆ కాలమును గింజ బలము తఱుగువఱకు పొడిగించిన ధర్మమునకు లోపము రాదని మేము తలంచుచున్నాము. పండితులు వేఱువిధముగ నిర్ణయింతు రేని వినుటకు సిద్ధము. ఏది యెట్లు చేయవలెనో అణుశక్తి నియంత్రణమండలివారి నియమములను బట్టి జరుగవలెను. కాని నియమములు నిపుణుల గ్రంథములందుండిన చాలదు. అవి శ్మశానపు కాటికాపరివఱకు చేరవలెను.

ఇట్లు నియమములు పలుకుచు కూర్చుండిన, నేడు మంచమున నున్న రోగి గతి యేమని కొందఱు మమ్ము నిలదీయుదురు. ప్రశ్న న్యాయమైనదే. రోగికి కాలము లేదు, పరీక్షలకు కాలము కావలెను. ఐనను పరీక్షలో చేరుట చికిత్సను పోగొట్టుకొనుట కాదు. లిఖితమైన ప్రణాళికతో, వైద్యుల మండలి యెదుట చర్చించి, ఫలితమును మంచిదైనను చెడ్డదైనను ప్రకటింతుమను వాగ్దానముతో చేయుచోట రోగికి దొరకు సంరక్షణ, విశ్వాసమొక్కటే పెట్టుబడిగా నడచు చోట దొరకదు. అట్టి పనికి ప్రజాసంస్థలే తగినవి. హైదరాబాదున మెహదీ నవాజ్ జంగ్ పేర వెలసిన రాచపుండు వైద్యశాలయు, విశాఖపట్టణము చెంత అగనంపూడియందు టాటా స్మారక సంస్థవారు నడపుచున్న హోమీభాభా వైద్యశాలయు మనకు కలవు. గింజలు చేయు విద్య భాభా కేంద్రమున కలదు. ఈ మూటిని కలిపి, అడ్రినల్ గ్రంథికి మాత్రమే వ్యాధి పాకి, శస్త్రచికిత్సకును వెలుపలి కిరణములకును యోగ్యులు గానివారిని ఎంచి, వారివద్ద రుసుము గైకొనక, ఒక పరీక్షను సాగించుటకు రెండు తెలుగు ప్రభుత్వములును కేంద్రప్రభుత్వమును ధనము సమకూర్చవలెను. 2007లో ఆరోగ్యశ్రీ ఆరంభమైననాటినుండి పేదవాని రాచపుండు చికిత్సకు ఖజానా కొంత భారము వహించుచున్నది. ఆ బాటనే పరీక్షకును ధనమీయవచ్చును. పరీక్ష ముగియకముందే దీనిని మామూలు చికిత్సల పట్టికలో చేర్చి ప్రతి వైద్యశాలకును చెల్లింపులు చేయుట మాత్రము తగదు.

ప్రభుత్వము కదలువఱకు ఇంటి పెద్దలు తమంతట చేయగలది కొంత కలదు. గింజలు నాటుదుమని చెప్పు వైద్యశాలలో, ఇంతవఱకు ఎందఱికి నాటితిరి, సంవత్సరమునకు పిమ్మట వారిలో ఎందఱు జీవించియున్నారు, గడ్డ రాచపుండేయని యెట్లు నిశ్చయించితిరి, మోతాదు లెక్కవేయు భౌతికశాస్త్రజ్ఞుడెవ్వరు, శస్త్రచికిత్సయు వెలుపలి కిరణములును మాకేల పనికిరావు అని అడుగుడు. ఉత్తరము కాగితముపై నిమ్మని కోరుడు. ఈయనిచోట బయానా పత్రముపై వ్రాలు చేసి పొలమమ్మకుడు. గింజలు నాటించుకొనినవారు, నాటిన తేదియు, గింజల సంఖ్యయు, ఏ దినమువఱకు దహనము కూడదో ఆ దినమును, అధికారి టెలిఫోను సంఖ్యయు తెలుగున వ్రాసిన చీటినొకదానిని వైద్యశాలనుండి అడిగి తీసికొని, రేషను కార్డు దాచు చోటనే దాచవలెను.